దస్తగిరి హుక్కాలు

దస్తగిరికి ఒకటే దిగులు. లతీఫ్ షా దగ్గర చేరి ఇన్నేళ్లయినా గురువుగారు అతనికి అతిథుల పని అప్పగించలేదు. ఆ గడపలో అన్నిటికంటే పెద్ద పని అదే. వచ్చినవాణ్ణి ఊరూ పేరూ అడక్కుండా కూర్చోబెట్టి, ముందు హుక్కా వెలిగించి ఇవ్వాలి. ఆ తర్వాతే మాటా మంతీ.

హుక్కా సంగతిలో తనను మించినవాడు లేడని దస్తగిరి నమ్మకం. అది ఉత్త గొప్ప కూడా కాదు. ఇత్తడి హుక్కాకి నిప్పు ఎక్కువ పెడితే ఘాటు నషాళానికంటుంది. మట్టిదానికి అంతే పెడితే పొగాకు మాడి చేదెక్కుతుంది. కొబ్బరిబుర్రతో చేసినదానికి సన్నని సెగ చాలు, పొగాకులో కలిపిన బెల్లం వాసన కమ్మగా దిగుతుంది. ఒకే పొగాకును మూడింటిలోనూ వేసి, నిప్పు పెంచుతూ తగ్గిస్తూ, అతను ఇదంతా పీల్చి పీల్చి తేల్చాడు. వినేవాడు దొరికితే ఒక పట్టాన వదిలేవాడు కాదు. తోటి శిష్యులు అతన్ని చూస్తే పక్కదారి పట్టేవారు.

"బాబా, ఒక్కసారి నా చేతి హుక్కా అతిథికి ఇవ్వనివ్వండి. బాగుంటే ఆ పని నాకే ఇప్పించండి," అని ఒకనాడు బతిమాలాడు.

"ఇవాళ వచ్చేవాడు నీ అతిథే," అన్నాడు లతీఫ్ షా.

మధ్యాహ్నం ఒక బండివాడు వచ్చాడు. ఒక చేత్తో ఒంటి ఎద్దును నడిపించుకుంటూ, కాడిని తన భుజాన మోసుకుంటూ వచ్చాడు. బండి ఎక్కడా కనబడలేదు. కాడి దించి చాప మీద కూలబడ్డాడు.

"ఘాటుగా కావాలా, కమ్మగా కావాలా?" అని అడిగాడు దస్తగిరి.

"ఏదైతే ఏముంది సామీ."

ఆ మాట దస్తగిరికి మింగుడుపడలేదు. ఇతనికి రుచంటే ఏమిటో చూపించాల్సిందే అనుకుని లోపలికి వెళ్లి, మూడు హుక్కాలూ వరసగా పెట్టాడు. నీళ్లు మార్చాడు. ఇత్తడిదాంట్లో ఒక దమ్ము లాగి పెదవి విరిచాడు. మట్టిదాని మీద నిప్పులు తీసి, బూడిద ఊది, మళ్లీ పెట్టాడు. కొబ్బరిబుర్రదాంట్లో పొగాకు కాస్త మాడినట్టనిపించి, అంతా దులిపేసి మొదటినుంచి మొదలుపెట్టాడు. చివరికి కుదిరింది. అంత బాగా అతనికి ఎప్పుడూ కుదరలేదు. సంతోషంతో కళ్లు చెమర్చాయి.

దాన్ని పట్టుకుని బయటికి వచ్చేసరికి లతీఫ్ షా ఒక్కడే చాప మీద కూర్చుని ఉన్నాడు.

"బండివాడేడీ?"

"వెళ్లాడు."

"పోనీ, మీరైనా చూడండి బాబా."

గురువు ఒక దమ్ము లాగి కళ్లు మూసుకున్నాడు. "ఇంత రుచి నా జన్మలో ఎరగను," అన్నాడు. నిజమే చెప్పాడు.

దస్తగిరి మొహం విప్పారింది. "మరి అతనికి మీరేమిచ్చారు?"

"చుట్ట."

"చుట్టా!" దస్తగిరి ఉసూరుమన్నాడు. "ఎలా ఉందన్నాడు?"

"దారిలో అతని రెండో ఎద్దు పడి చచ్చిపోయింది. చుక్కలోడు అని పిలిచేవాడట. దాన్ని తలుచుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపు ఆగలేదు."

గురువు చాప మీంచి, కొస మాత్రమే నల్లబడిన చుట్టను తీసి చూపించాడు.

"ఇది ఎప్పుడు ఆరిపోయిందో మా ఇద్దరికీ తెలీదు."