వెండిగిన్నెలో రాతిపువ్వు

అనగనగా అనేంత పాతది కాదు గాని, కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. ఏలేవాడు ఉద్దండ భూపతి. గుర్రమెక్కితే ఒక్క పూటలో రాజ్యమంతా చుట్టి రావచ్చు. ఆయన బిరుదులు చదవడానికి మాత్రం వందిమాగధులకు పూట చాలేది కాదు.

ఆస్థాన వైద్యులు శరభాచార్యులు. వైద్యగ్రంథాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. రోగి ఎదుట శ్లోకం చదివి, తాటాకు మీద మందు రాసి పంపేవారు. ఆ తాటాకు చూసి దినుసులు తీసి నూరేవాడు మందులకొట్టు కూర్మయ్య. ఇరవై ఏళ్లలో ఆచార్యులవారు ఆ కొట్టు గడప ఒక్కసారీ తొక్కలేదు. ఘాటుకు తుమ్ములొస్తాయట! కూర్మయ్య మాటకారి. రాజుగారికి విసుగు పుట్టినప్పుడల్లా అతణ్ణి సభకు పిలిపించుకునేవారు.

ఆ ఏడు సరిహద్దులో పొరుగురాజుతో జగడం వచ్చింది. వేటలో పడ్డ అడవిపంది ఎవరిదని తగువు. పంది ఎవరికీ దక్కలేదు. మన భటులు ఏడుగురు ఒళ్లంతా గాయాలతో తిరిగొచ్చారు. వాళ్లలో కూర్మయ్య తమ్ముడు ఓబయ్య ఒకడు. తల్లి పోయాక కూర్మయ్య చంకనేసుకుని పెంచిన పిల్లవాడు.

కోట వెనక పాకలో వాళ్లను పడుకోబెట్టారు. ఆచార్యులవారు శ్లోకం చదివి నేతిపట్టీలు వేయించారు. గాయాలన్నీ చీము పట్టాయి. ఇక లాభం లేదని కూర్మయ్య కొండెక్కి, చెంచుల ఈదమ్మను బతిమాలి తీసుకొచ్చాడు. ఆమె మూట విప్పి, బండల మీంచి గీకిన రాతిపువ్వును కషాయం కాచి, గాయాలు కడిగింది.

"ఏందమ్మా ఇది, ఇంత మండుతాంది?" అన్నాడు ఓబయ్య.

"బూజూ పాచీ కలిసి కాపురం చేస్తే పుట్టిన పువ్వు నాయనా. బూజు ఇల్లు కడతది, పాచి వండి పెడతది. నోట పెడితే మహా చేదు. ఆ చేదుకే పుండులో పురుగు నిలవదు."

రెండు రోజుల్లో చీము తగ్గింది. ఓబయ్య గంజి అడిగి మరీ తాగాడు. మూడోనాడు సంగతి ఆచార్యులవారి చెవిన పడింది.

"రాతికి పట్టిన మురికిని రాచభటుల ఒంటికి పూస్తారా! ఇది ప్రభువులకే అవమానం!" అని ఆయన గగ్గోలు పెట్టారు.

రాజుగారికి అవమానమన్న మాట చాలు. మురికి వాడినవారికి చెర అని చాటింపు వేయించారు. ఈదమ్మను మూటతో సహా చెరలో వేశారు. పాకకు కావలి పెట్టి, నేతిపట్టీ తప్ప ఇంకేదీ లోపలికి పోకూడదన్నారు. ఓబయ్యకు మళ్లీ జ్వరం కాసింది.

ఆదివారం పొద్దున కూర్మయ్య రాజుగారి దగ్గరకు పరుగెత్తాడు. ఆయన పావురాలకు గింజలు వేయిస్తున్నారు.

"మహాప్రభూ, ఇప్పుడే సభ పిలిపించండి. రెండు దినుసులు పెడతాను. ఏది మందో ఏది మురికో ఆచార్యులవారు చెప్పాలి. నేను ఓడితే నా తల తీయించండి."

"భేష్! మంచి సరదా!" అన్నారు రాజుగారు. "కాని రేపూ ఎల్లుండీ ఆచార్యులకు సన్మానం. ఏనుగు మీద ఊరేగింపు. బుధవారం పెట్టుకుందాం."

"బుధవారానికి పాకలో మనుషులుండరు ప్రభూ!"

"ఎందుకుండరు? ఊరందరినీ సభకు రమ్మని దండోరా వేయిస్తాం" అని ఆయన పావురాల వైపు తిరిగారు.

బుధవారం తెల్లవారుతుండగా ఓబయ్య పోయాడు. కూర్మయ్య తమ్ముడి కళ్లు మూసి, ఇంటికి చేర్పించాడు. సభా వద్దు, రాజూ వద్దు అనిపించింది. పాకలో ఇంకా ఆరుగురు మూలుగుతున్నారు. చెరలో ఈదమ్మ ఉంది. ఆమెను కొండ దింపింది తనే. మొహం కడుక్కుని, తలపాగా చుట్టుకుని బయల్దేరాడు.

సభలో పట్టుగుడ్డ పరిచి, దాని మీద వెండిగిన్నె పెట్టాడు. పక్కన నేల మీద పగిలిన కుండపెంకు పెట్టాడు. రెంటిలోనూ ఏదో నల్లటి తునకలు.

ఆచార్యులవారు వెండిగిన్నె వాసన చూసి కళ్లు మూసుకున్నారు. "ఆహా, శైలేయం! హిమవత్పర్వత సానువుల్లో పుట్టిన దివ్యౌషధం! ప్రభువులు రోజూ సేవించే లేహ్యానికి ఇదే ప్రాణం." పెంకు వైపు వంగి ముక్కు మూసుకున్నారు. "ఛీ! ఇది ఆ కొండమనిషి మురికే. అవతల పారేయించండి!"

"నిశ్చయమేనా స్వామీ?"

"పండితుడి ముక్కయ్యా ఇది, పొరబడదు!"

కూర్మయ్య పెంకులోది వెండిగిన్నెలోకి ఒంపి, చేత్తో కలిపేశాడు. "అయితే ఇప్పుడు వేరు చేసి చూపించండి."

ఆచార్యులవారు గిన్నెలో వేలు పెట్టి కెలికారు. వాసన చూశారు, తుమ్మారు, మళ్లీ కెలికారు.

"శ్రమపడకండి" అన్నాడు కూర్మయ్య. "రెండూ ఈదమ్మ మూటలోని రాతిపువ్వే. చెరసాల అధికారి ఎదుటే తీశాను. పదకొండేళ్లుగా కొట్టులో శైలేయం జాడీ నింపుతున్నది ఆవిడే. ప్రభువులు రోజూ చప్పరిస్తున్నది ఈ మురికే. మురికి వాడినవారికి చెర అని తమ ఆజ్ఞ. తినిపించినవారిని ఏ గదిలో ఉంచమంటారు? తిన్నవారిని ఏ గదిలో ఉంచమంటారు?"

రాజుగారు ఆచార్యుల మొహం చూశారు, గిన్నె చూశారు, తన బొజ్జ చూసుకున్నారు. ఒక్కసారిగా పకపకా నవ్వారు. రాజు నవ్వాక సభ నవ్వకుండా ఉంటుందా! ఆ నవ్వులోనే ఈదమ్మకు చెర వీడింది, పాకకు కావలి తొలగింది. ఆమె ఎవరి మొహమూ చూడకుండా మూట తీసుకుని పాక వైపు పరుగెత్తింది.

"గెలిచావయ్యా కూర్మయ్యా! ఏం కావాలో కోరుకో. కాదంటే ఒట్టు!"

"ఆదివారం ఇప్పించండి ప్రభూ. మొన్న గడిచిపోయిన ఆదివారం."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. తన మీది జరీ శాలువా తీసి, సింహాసనం దిగి వచ్చి మరీ కప్పారు. కూర్మయ్య వంగి దణ్ణం పెట్టి ఇంటికి నడిచాడు. ఆ శాలువా తీసి తమ్ముడి మీద కప్పాడు.

పాకలో ఆరుగురూ బతికారు. రాజుగారు మాత్రం ముసలితనం దాకా, వచ్చిన చుట్టానికల్లా ఆ మాట చెప్పి నవ్వేవారు. "ఏం కావాలయ్యా అంటే ఆదివారం అడిగాడు! ఎంత చమత్కారి!" అనేవారు. ఆయనకు దాని అర్థం చెప్పే ధైర్యం ఆ రాజ్యంలో ఒక్కడికీ లేకపోయింది.