కుడితి తొట్టిలో గవర్రాజు సాధన

మామిడితోటలో ఆదివారం పాఠం ముగించి ఎగిరిపోతూ కోకిల టీచరమ్మ తెగేసి చెప్పింది. "వారమంతా గొంతు విప్పరు, నా ముందుకొచ్చి గుటకలు మింగుతారు. వచ్చే ఆదివారానికి సరళీ స్వరాలు రాకపోతే ఇక మీకూ నాకూ చెల్లు."

శిష్యులిద్దరూ డీలా పడ్డారు. గాడిద సూరమ్మకి చాకిరేవులో మూటలు. కుక్క గవర్రాజుకి కోళ్ళగూటి కాపలా. తీరికన్నది ఇద్దరికీ లేదు.

పొదచాటు నుంచి ఇదంతా విన్న నక్క పానకాలుకి కడుపులో ఆకలి తాళం వెయ్యసాగింది. గూట్లో ఉన్న చుక్కలపెట్ట మీద వాడికి ఎప్పట్నించో కన్ను. అడ్డమల్లా ఆ గవర్రాజే. అరిటాకు చీలికని కండువాలా భుజాన వేసుకుని పెద్దమనిషిలా నడిచొచ్చాడు.

"ఏంటండీ గవర్రాజుగారూ, మొహం అలా వేలాడేశారు?"

"టైము చాలట్లేదయ్యా పానకాలూ. గూడు చూసుకోనా, గొంతు చూసుకోనా?"

"వారానికి సరిపడా ఓ పద్ధతి వేసుకుంటే అన్నీ కుదుర్తాయండీ. నేను వేసిపెడతాను, నాకేం ఇవ్వక్కర్లేదు."

సూరమ్మ అనుమానంగా చెవి తిప్పింది. "మూటలు మొయ్యడంతోనే తెల్లారిపోతోంది తమ్ముడూ. నేనెప్పుడు పాడను?"

పానకాలుకి ఆవిడతో పనేం లేదు. వదిలించుకోడానికి నోటికొచ్చింది చెప్పేశాడు. "దారిలో నోరు మూసుకుని 'మ్మ్' అంటూ స్వరాలు తీసుకో అక్కా. నోట్లో గడ్డి ఉన్నా పర్లేదు, అదీ సాధనే."

తర్వాత గవర్రాజు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మీది ఖంగుమనే గొంతండీ, దానికి ఈ చిట్కాలు చాలవు. మహా విద్వాంసులంతా పీకల్లోతు నీళ్ళలో సాధన చేసినవాళ్ళే. రోజూ మధ్యాహ్నం కాలవలో దిగండి. ముందు కాసేపు కదలకుండా ఊపిరి బిగబట్టాలి. ఆ తర్వాతే 'స' పట్టాలి."

"మధ్యాహ్నం పాలేళ్ళు అన్నాలకెళ్ళిపోతారే. గూడు దగ్గర ఎవరుంటారు?"

"నేను లేనూ?" అన్నాడు పానకాలు, కండువా సర్దుకుంటూ. గవర్రాజు మర్యాదస్థుడు కాబట్టి ఇక ఏమీ అడగలేదు.

సోమవారం పాలేళ్ళు అటు వెళ్ళారో లేదో, పానకాలు ఇటు కోళ్ళగూడున్న పాకలో దూరాడు. కుక్క జాడ లేదు. గూడు పక్కన గేదెల కుడితి తొట్టి ఉంది. తవుడు మధ్య మూకుడు బోర్లించినట్టు ఏదో తేలుతోంది. పానకాలు అటు చూడనైనా లేదు. గూటి తలుపు గడియ పళ్ళతో లాగాడు. చుక్కలపెట్ట మూలకి ఒదిగిపోయింది. అరచేతులు లేవు గానీ, ఉంటే ప్రాణాలు వాటిలోనే పెట్టుకునేది.

"సా..." అంది కుడితి.

పానకాలు ఎగిరిపడ్డాడు. మూకుడు పైకి లేచింది. దాని కింద రెండు కళ్ళు, ఓ ముక్కు, మీసాల నిండా తవుడు.

"నువ్వు కాలవకి వెళ్ళలేదా?"

"కాపలా వదిలి ఎలా వెళ్తానయ్యా? పీకల్లోతుంది, ఇది చాలదూ?" అంటూనే గవర్రాజు తొట్టిలోంచి దూకాడు. గూడు తెరిచి ఉండడం చూశాక ఇక మర్యాదలు పెట్టుకోలేదు, పానకాలు తోక నోట కరుచుకున్నాడు.

నోరు తెరిపిస్తే చాలు, బతికిపోవచ్చు. పానకాలు గొంతులో తేనె ఒలకబోశాడు. "గవర్రాజుగారూ, 'స' అయింది, 'రి' మిగిలిపోయింది. మధ్యలో ఆపేస్తే ఆదివారం టీచరమ్మ ముందు పరువు పోతుందండీ."

గవర్రాజు ఆలోచనలో పడ్డాడు. ఆదివారం భయం నిజమే. పానకాలు కాళ్ళు పరుగుకి సిద్ధం చేసుకున్నాడు.

"మ్మ్..." అన్నాడు గవర్రాజు, పళ్ళు ఇంకాస్త బిగించి.

రేవు నుంచి మూటలతో వస్తున్న సూరమ్మ గుమ్మంలో ఆగింది. "నోట్లో ఏమున్నా పర్లేదని నువ్వే చెప్పావుగా తమ్ముడూ" అని, తనూ "మ్మ్" అంటూ శ్రుతి కలిపింది.

పాలేళ్ళు తిరిగొచ్చి కర్రలు అందుకునేలోగా స్వరాలన్నీ పైకీ కిందికీ అయిపోయాయి. ఆఖరి 'స' మాత్రం పానకాలే పాడాడు, పై స్థాయిలో.

ఆదివారం ఇద్దరి స్వరాలూ విని కోకిల టీచరమ్మ తెగ మురిసిపోయింది. "ఇంత చక్కటి పద్ధతి ఎవరు వేసిపెట్టారు?"

"పానకాలండీ" అన్నాడు గవర్రాజు. "మనిషి ఊళ్ళో లేడు. తోక సగం ఇక్కడే ఉంది."

ఎదుటివాణ్ణి ముంచడానికి పాఠం చెప్పేవాడు, అవతలివాడు దాన్ని శ్రద్ధగా నేర్చుకుంటే తన గతేమిటో ముందే చూసుకోవాలి.