దులపని ఫిల్టరు

అనగా అనగా, నాపరాళ్ల గనుల నడుమ మిట్టపల్లె అని ఒక ఊరు. ఆ ఊళ్లో నేల తెలుపు, చెట్టు తెలుపు, వీచే గాలి కూడా తెలుపే. రాయి కోసే యంత్రాల దుమ్ము పొద్దస్తమానం ఊరి మీద తిరుగుతూనే ఉండేది.

ఆ ఊరికి బస్సు రాదు. ఉన్నదల్లా మద్దిలేటి జీపు. సంతకైనా, ఆసుపత్రికైనా, పెళ్లికైనా అందరూ దాన్నే ఎక్కాలి. మద్దిలేటికి ఆ జీపంటే ప్రాణం. తెల్లవారగానే నీళ్లతో కడిగేవాడు, పాత పంచెతో తుడిచేవాడు, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టేవాడు. "పెళ్లికొడుకులా ఉంది కదప్పా నీ బండి!" అని ఎవరైనా అంటే మీసం సవరించుకునేవాడు.

బానెట్టు మాత్రం ఎత్తేవాడు కాడు. లోపలంతా మసి. ఒళ్లు వంచి అక్కడ పని చేస్తే చూసి మెచ్చుకునేదెవరు?

నాలుగు దారుల కూడలిలో హుసేనమ్మ షెడ్డు ఉండేది. మొగుడు పోయాక ఆమే పానా పట్టి, బండ్లు బాగుచేస్తూ ఇద్దరు పిల్లల్ని సాకుతోంది. చేతిపని చక్కనిది. మాట తక్కువ.

ఒకనాడు జీపు నల్లటి పొగ వదిలింది. మద్దిలేటి షెడ్డుకు తోలుకుపోయాడు.

"దుమ్ములో తిరిగే బండి, తమ్ముడూ. ఇంజను పీల్చే గాలిని వడగట్టేది ఎయిర్ ఫిల్టరే. వారానికోసారైనా దులపాల. దులుపుతున్నావా?" అని అడిగింది హుసేనమ్మ.

"నిన్ననే దులిపినానక్కా," అన్నాడు మద్దిలేటి. ఎనిమిది నెలలుగా దాన్ని ముట్టుకోలేదు. అయినా మాట తడబడలేదు.

నెల గడిచింది. జీపు డీజిల్ ఎక్కువ తాగసాగింది. "ఫిల్టరు దులిపినావా?" అంది ఆమె. "దులపకుండా ఉంటానా?" అన్నాడు అతడు.

మూడోసారి, పదో తరగతి పరీక్షలకు రెండు రోజుల ముందు, జీపు చిన్న మిట్ట ఎక్కడానికే ఆయాసపడింది. "ఫిల్టరు దులిపినావా?" అంటూ హుసేనమ్మ దాని డబ్బా మీద చెయ్యి వేసింది. మద్దిలేటి గబగబా అడ్డం వచ్చాడు. తెరిస్తే తన బండారం బయటపడుతుంది.

"అది నేను చూసుకున్నాలే అక్కా! కొత్తదానిలా ఉంది. నువ్వు డీజిల్ పంపు చూడు," అన్నాడు.

ఆమె అతని మాట నమ్మింది. డబ్బా మీది చెయ్యి తీసేసి, మధ్యాహ్నం దాకా కూర్చుని పంపు సరిచేసి పంపింది.

పరీక్ష రోజు వచ్చింది. పక్క ఊరి బడిలో పరీక్ష రాయడానికి ఐదుగురు ఆడపిల్లలు జీపెక్కారు. వాళ్లలో నాగవేణి అనే పిల్ల ఊరందరిలోకీ బాగా చదివేది. దారిలో గాడికొండ ఎక్కాలి. సగం ఎక్కేసరికి జీపు గుప్పున నల్లపొగ కక్కి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మూలిగింది, కదల్లేదు. పిల్లలు దిగి తోశారు. చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తారు. వాళ్లు చేరేసరికి బడి గేటు మూసేశారు. కాపలావాడు బతిమాలినా తీయలేదు.

సాయంత్రం తల్లిదండ్రులు మద్దిలేటిని చుట్టుముట్టారు. నాగవేణి తండ్రి పుల్లన్న ముందుకు వచ్చి అడిగాడు. "ఎందుకాగిందప్పా నీ బండి?"

మద్దిలేటి తల వంచుకున్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో నాలుక మడత పడింది.

"నన్నేం చేయమంటావన్నా? మొన్ననే హుసేనమ్మ పంపు విప్పింది. ఆ చేతిపని ఇట్లా చేసింది."

"ఆడదాని చేతికి ఇంజను ఇస్తే అంతే," అన్నారు ఎవరో. అందరూ తలాడించారు.

మరునాడు, కొండ మీదినుంచి లాగించి తెచ్చిన జీపు బానెట్టును మద్దిలేటి ఒంటరిగా ఎత్తాడు. డబ్బా తెరిచాడు. లోపల కాగితపు మడతలు కనిపించనే లేదు. సున్నం మెత్తినట్టు దుమ్ము పేరుకుని ఉంది. బండ మీద మెల్లగా తట్టాడు. దోసెడు, మరో దోసెడు తెల్లటి పొడి రాలింది. గాలి పంపుతో లోపలినుంచి బయటికి ఊది, మళ్లీ బిగించాడు. తాళం తిప్పగానే జీపు గుర్రప్పిల్లలా దూకింది.

ఆ చప్పుడు వింటూ అతడు బండ మీద కూలబడ్డాడు. పావుగంట పని. పావుగంట పని చేయనందుకు ఐదుగురు పిల్లలు రోడ్డు మీద ఏడుస్తూ పరుగెత్తారు.

అయినా నోరు విప్పలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. "ఆమె చెడగొట్టిన బండిని తానే బాగుచేసుకున్నాడు, మొనగాడు!" అని సర్పంచి భుజం తట్టాడు. ఆ తట్టు అతనికి చెంపదెబ్బలా తగిలింది. గని మేస్త్రీ తన ట్రాక్టరును హుసేనమ్మ దగ్గరికి పంపడం మానేసి, "నువ్వే చూడప్పా," అని మద్దిలేటి ఇంటి ముందుకు తెచ్చాడు. మద్దిలేటి కడుపునొప్పి అని తలుపేసుకున్నాడు. తన షెడ్డు ముందు పిల్లలకు జొన్నరొట్టె తుంచి పెడుతున్న హుసేనమ్మ కనబడుతుందని, కూడలి వదిలి చుట్టుదారిలో తిరిగాడు. షెడ్డులో బండ్లు లేవు.

పదోనాడు హుసేనమ్మే అతని ఇంటికి వచ్చింది. ఆమె తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గడప అవతలే నిలబడింది.

"తమ్ముడూ, పంపులో నేనెక్కడ తప్పు చేసినానో చెప్పు. ఎంత ఆలోచించినా అంతు చిక్కడంలే. తెలిస్తే ఇంకో బండికి ఆ తప్పు చేయకుండా నేర్చుకుంటా."

మద్దిలేటికి భూమి విచ్చుకుంటే బాగుండనిపించింది. ఆమె కాసేపు చూసి, "సరేలే, తీరికప్పుడు చెప్పు," అని వెళ్లిపోయింది.

మరునాడు చౌకడిపో ముందు బియ్యానికి ఊరంతా వరుస కట్టింది. మద్దిలేటి ఆ వరుస ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"హుసేనమ్మ పంపులో తప్పేమీ లేదు," అన్నాడు. "ఫిల్టరు దులిపినావా అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అబద్ధమాడినా. పది నెలలు దుమ్ము పట్టించినా. పిల్లల పరీక్ష పోగొట్టింది నేను. ఆ నింద ఆమె మీద వేసిందీ నేనే."

పుల్లన్న నేల మీద ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు. తండ్రి వెనక నిలబడిన నాగవేణి మద్దిలేటి వైపే చూసింది. ఆ చూపు మద్దిలేటి మోయవలసిందే. మోశాడు.

హుసేనమ్మ సంచీ కింద పెట్టింది. "నాదీ ఒక తప్పుంది. డబ్బా మీద చెయ్యి వేసి కూడా, నీ మాట నమ్మి తెరవకుండా వదిలేసినా. ఇకమీద ఎవరి మాటా వినను, తెరిచి చూస్తా," అంది. ఆమె గొంతులో జాలి లేదు, కోపమూ లేదు.

ఆ వారంలోనే మేస్త్రీ ట్రాక్టరు హుసేనమ్మ షెడ్డుకు తిరిగి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు బండ్లు వచ్చాయి. రెండు నెలలకు, పిల్లలకు తప్పిపోయిన పరీక్ష మళ్లీ పెట్టిన రోజున మద్దిలేటి రెండు గంటల ముందే జీపు తెచ్చి నిలబెట్టాడు. నలుగురు ఎక్కారు. నాగవేణిని మాత్రం పుల్లన్న సైకిలు మీద తీసుకుపోయాడు. మద్దిలేటి ఆ సైకిలుకు దుమ్ము కొట్టకుండా, కొండ దాకా దాని వెనకే జీపును మెల్లగా నడిపాడు.

చేయని పనిని చేశానన్నవాడి సిగ్గు ఒకనాటిది; ఆ తప్పును ఇంకొకరి నెత్తిన రుద్దినవాడికి, ఒప్పుకునేదాకా దినదినమూ సిగ్గే.