డేరాలో మైనపు ముద్ద

కోటగోడ కట్టే కూలీలు ఎండకు సొమ్మసిల్లుతున్నారని రాజు ఓ మైనపు ముద్ద పంపాడు. పనిచోట పెట్టిన ఆ ముద్ద మెత్తబడగానే అందరూ నీడకు చేరాలని ఆజ్ఞ. అధికారి చెంగలరాయుడు దాన్ని తన డేరాలో, తడిపిన వట్టివేళ్ల తడికల పక్కన పెట్టుకున్నాడు.

రాళ్లు కొట్టే సుంకులమ్మ మరిది కళ్లు తిరిగి పడిపోయాడు.

"ముద్ద గట్టిగానే ఉంది. లేచి పని చెయ్యమను," అన్నాడు రాయుడు.

సుంకులమ్మ నాలుగు బండలు డేరాలోకి దొర్లించి సమ్మెట ఎత్తింది.

"ఏయ్, ఇక్కడేంటే?"

"ముద్ద ఉండాల్సింది పనిచోటనే కదా దొరా! అది ఇక్కడుంటే పనిచోటూ ఇదే."

రాతిపొడికి తుమ్మి తుమ్మి రాయుడు ముద్దను తీసుకెళ్లి గోడమీద పెట్టాడు. చూస్తుండగానే అది కారిపోయింది. ఆజ్ఞ ప్రకారం కూలీలంతా నీడకు చేరారు. దగ్గర్లో ఉన్న నీడ రాయుడి డేరా ఒక్కటే.