ఉప్పు తోడే సూరాలు

అనగనగా ఓ ఊళ్ళో ఒకటే వీధి, దారంలా సన్నగా, పొడుగ్గా. అదెక్కడుందో చివర్లో చెప్తా, ఇప్పుడే అడక్కు చిన్నమ్మడూ.

వీధి బయటంతా ఉప్పునీళ్ళు. ఇంటికో తలుపు. వాళ్ళందరిదీ ఒకటే పని, కబురు అందించడం. పక్కింటి అదురు గట్టిగా తగిలితేనే తలుపు తీస్తారు. తీస్తే బార్లా తీస్తారు, ఓరగా తియ్యడమన్నదే లేదు. అప్పుడు ఉప్పు బుస్సుమని లోపలికి దూకుతుంది. ఆ దూకుడుకి కాస్త కరెంటు పుట్టి, అవతలింటి తలుపు అదురుతుంది. అలా రెప్పపాటులో కబురు కొసకి పోతుంది.

ఆ తర్వాత తలుపు మూసి, వచ్చిన ఉప్పంతా తోడిపొయ్యాలి. మూడు ముంతల ఉప్పు బయటికి, ఆ సందడిలో బయటికి జారిన ఇంటి బూడిద రెండు ముంతలు లోపలికి. కబురు లేని రోజున కూడా ఉప్పు సందుల్లోంచి ఊరుతూనే ఉంటుంది మరి.

నడివీధిలో సూరాలు అని ఓ కోడలు, నీలాయమ్మ అని ఆమె అత్త ఉండేవాళ్ళు. ఓనాడు పొద్దున వీధి మొదట్లో చీమ పాకింది. అదురు చాలక కబురు మొదటిల్లు దాటలేదు. మధ్యాహ్నం దుమ్ము రాలింది. అదీ దాటలేదు.

"వచ్చీ కబురే లేదు. ఎందుకత్తా ఈ తోడుడు?" అని సూరాలు ముంత బోర్లించి కూర్చుంది. ఉప్పు మెల్లగా ఊరి, లోపలా బయటా సమానమైపోయింది.

సాయంత్రం వీధి మొదట్లో నిప్పులాంటి వేడి తగిలింది. కబురు ఇల్లిల్లూ దాటి పరుగెత్తుకొచ్చింది. సూరాలు తలుపు తీసింది. ఉప్పు దూకలేదు. నిండిన కడవలోకి ఇంకేం దూకుతుంది? కబురు అక్కడే ఆగిపోయింది.

"అత్తా, నా మూలాన మొదటింటోళ్ళు కాలిపోతన్నారు" అని సూరాలు ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు ముంతట్టుకో" అంది నీలాయమ్మ.

ఇద్దరూ చేతులు పడిపోయేలా తోడారు. అప్పుడు మళ్ళీ కబురొచ్చింది. ఈసారి ఉప్పు బుస్సుమంది. కబురు వీధి కొసకి పోయి, అక్కడున్న చిన్న కాలువని బుడ్లలో తేలుతూ దాటి, పెద్దింటికి చేరింది. "చెయ్యి లాగెయ్" అని అక్కణ్ణుంచి ఉత్తర్వు వచ్చింది. పెనం మీదున్న చెయ్యి వెనక్కొచ్చేసింది.

ఎవరి చెయ్యి అంటావా? నీదే తల్లీ. ఆ వీధి నీ చేతిలో నరమే, పెద్దిల్లు నీ వెన్నులో ఉంది. ఈ వేలి మీద బొబ్బ, సూరాలు ముంత బోర్లించినందుకు. దాన్ని తిట్టకు, పాపం. అప్పట్నించీ ముంత కింద పెట్టలేదు. నువ్వు పడుకున్నా అది తోడుతూనే ఉంటుంది.

ముంత ముంత తోడెనమ్మ, ముంగిలంత ఆరెనమ్మ,
కథ కంచి చేరెనమ్మ, కన్ను మూత పడెనమ్మ.