ఒంటి దారం మీద కడియం

రాతి కడియం కొని రెండు రోజులైంది. అచ్చియ్యమ్మ దాన్ని ఒక్కసారి కూడా చేతికి తొడుక్కోలేదు.

మొదట బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. ఎలకలు రాయి కూడా కొరుకుతాయేమోనని తీసింది. చీరల మడతల్లో దాచింది. అక్కణ్ణించీ తీసి, గుడ్డలో చుట్టి బొడ్లో దోపుకుని కుట్టుపనికి కూర్చుంది. మిషను తొక్కిన ప్రతిసారీ ఒక చెయ్యి బొడ్డు తడిమి చూసుకునేది. కొన్నది నగో, కడుపులో పెట్టుకున్న కుంపటో ఆమెకే తెలియలేదు.

ఇది బర్మాలో పాత మాండలే మాట. యుద్ధం ముగిసి పదేళ్ళయిన నాటిది. బజారులో నాలుగడుగులు వేస్తే శ్రీకాకుళం యాస చెవిన పడేది. పొద్దున్నే ఒక పక్క చేపల పులుసు కుండల ఆవిరి, ఇంకో పక్క కడియాల కోసం జేడ్ రాళ్ళు కోసే రంపాల కీచు. ఆ కీచుకి పళ్ళు పులిసేవి. ఇప్పుడు ఎవరైనా ఆ పులుపు తెచ్చిపెడతానంటే, అచ్చియ్యమ్మ ఉన్న నాలుగు పళ్ళూ ఇచ్చేస్తుంది.

ఆ బజారుకి ఒక కట్టుబాటుండేది. డబ్బిచ్చి సరుకు ఇంటికి పట్టుకుపోవచ్చు. మూడోనాడు పొద్దుగూకేలోగా తెచ్చిస్తే డబ్బు వెనక్కి, ఎందుకని అడగరు. పొద్దుగూకితే సరుకు నీది. ఈలోగా పగిలినా నీదే.

అచ్చియ్యమ్మ పెట్టిన డబ్బు మామూలు డబ్బు కాదు. అద్దె మిషను మీద నాలుగేళ్ళు జాకెట్లు కుట్టి, సొంత మిషను కోసం కూడబెట్టింది. అద్దెకిచ్చినవాడు వచ్చే నెల తన మిషను తను పట్టుకుపోతానని చెప్పేశాడు కూడా. అంతా తెలిసే, అరటి మొవ్వుని గుండ్రంగా చుట్టినట్టున్న ఆ ఆకుపచ్చ కడియం కళ్ళబడగానే మొత్తం పోసేసింది.

మూడోనాడు పొద్దున్నే పడవెక్కి ఐరావతి దాటి సాగైంగ్ కొండకి వెళ్ళింది.

ఆ కొండ మీది మఠంలో ఒక ముసలి సన్యాసిని ఉండేది. గులాబీరంగు బట్టలు, నున్నటి గుండు. అక్కడి మర్యాద ప్రకారం అందరూ ఆవిడని సయాలే అనేవారు. జేడ్ వర్తకుల ఇంట పుట్టి, నలభయ్యో ఏట గుండు చేయించుకుని కొండెక్కిన మనిషి. మఠానికి బట్టలు కుట్టి ఇవ్వడానికి వెళ్ళివస్తూ అచ్చియ్యమ్మ ఆవిడ దగ్గర రాళ్ళు చూడ్డం నేర్చుకుంది.

మొదటి ఏడాది సయాలే పెట్టిన నియమం ఒక్కటే. డబ్బు ఇంట్లో వదిలి బజారుకి వెళ్ళడం, చూసి రావడం. రెండో ఏడాది చేతిలో వారం కూలి పట్టుకెళ్ళొచ్చంది. అది పోయినా ఇంట్లో పొయ్యి వెలగాలంది.

వారం కూలికి వచ్చేది రాయి కాదు, రాయి మీది దుమ్మని అచ్చియ్యమ్మ అప్పుడే మొహం మీద అనేసింది. నోరు అలాంటిది మరి. ముందు దుమ్ము చూడ్డం నేర్చుకోమని నవ్వి ఊరుకుంది సయాలే.

ఇప్పుడు గుడ్డ విప్పి కడియం ముందు పెడితే, ఆవిడ ముట్టుకోను కూడా లేదు.

"మోగించావా?"

అచ్చియ్యమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ పరీక్ష ఆమెకి తెలియనిది కాదు. లోపల పగులుంటే మైనం కూరి మెరుగు పెడతారు. కంటికి దొరకదు. దారానికి వేలాడదీసి పుల్లతో కొడితే, నిండు రాయి గంటలా పాడుతుంది, పగులు రాయి పెంకులా పలుకుతుంది.

"మీ కన్ను చాలు సయాలే. కడియం చూసి చెప్పండి."

"దారం ఉందా?"

దర్జీ మనిషి దగ్గర దారానికి కరువా! మూడు పేటలు పేని ఇచ్చింది. సయాలే నిదానంగా ఆ మూడూ విప్పి, రెండు పక్కన పెట్టి, ఒంటి పేటతో కడియాన్ని కిటికీ కమ్మీకి కట్టింది. కింద బండరాతి నేల. గాలికి కడియం కొద్దిగా తిరిగింది. ఎండ దానిలోంచి దూరి గోడ మీద లేత పచ్చగా పడింది. అచ్చియ్యమ్మ పైట మీద కప్పుకున్న తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి కింద పరిచింది. సయాలే ఆ తువ్వాలుని కాలి వేలితో అవతలికి నెట్టింది. తర్వాత ఇత్తడి గంట పక్కనున్న కర్రపుల్ల తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"కొట్టు."

పుల్ల లేచింది. అక్కడే ఆగిపోయింది.

"పగిలితే?"

"పగిలితే తెలుస్తుంది."

"అది నా మిషను, సయాలే."

"ఇందాక కడియమన్నావు."

అచ్చియ్యమ్మ పుల్ల దించేసింది.

సయాలే తలుపు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తెర లాగి కట్టే తాడుకి ఒక బూడిదరంగు కడియం తగిలించి ఉంది. అచ్చియ్యమ్మ ఎన్నిసార్లో ఆ తెర తొలగించుకుని లోపలికి వచ్చింది గానీ, అది జేడ్ అని ఎన్నడూ గమనించలేదు. సయాలే దాన్ని తెచ్చి, పక్కన పెట్టిన దారం పేటతో ఆకుపచ్చదాని పక్కనే వేలాడగట్టింది. పుల్ల తీసుకుని, సరిగ్గా చూడనైనా చూడకుండా ఒక దెబ్బ వేసింది.

ఖంగుమంది. ఆ చప్పుడు సన్నగా సాగి, కిటికీ దాటి, కింద నది మీది పడవల దాకా పోయినట్టనిపించింది.

"నాన్న కొనిచ్చిన మొదటి రాయి. దాని కోసం ఆ పూటకి ఇంట్లో కూర ఒక్కటే మానేశాం" అని పుల్ల మళ్ళీ అచ్చియ్యమ్మకి ఇచ్చింది.

అచ్చియ్యమ్మ ఆ బూడిదరంగుదాన్ని కొట్టింది. ఇంకో దెబ్బ కొట్టింది. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. మచ్చ ఉన్న చోట ఒకలా, లేనిచోట ఒకలా పలుకుతోంది. రెండేళ్ళ చదువు ఒక్కసారిగా చెవుల్లోకి దిగుతోంది. పక్కనే ఆకుపచ్చది, అంత అందమూ పెట్టుకుని, నోరు లేకుండా వేలాడుతోంది.

ఆమె పుల్ల కింద పెట్టలేదు. ఎడమ చేత్తో ఆకుపచ్చ కడియాన్ని పట్టుకుని దారం ముడి విప్పింది.

"పుల్ల పట్టుకుపో. బజారులో పనికొస్తుంది" అంది సయాలే.

పొద్దు వాలకముందే అచ్చియ్యమ్మ మాండలే బజారులో ఉంది. కడియం అమ్మిన డో న్వే ఆ సందులో పేరున్న వర్తకురాలు. డబ్బు మారుమాట లేకుండా వెనక్కిచ్చింది గానీ, దర్జీ చేతులకి సూది చాలులే అని ఒక పోటు పొడిచింది.

"ఒక్క దెబ్బ మీరు కొట్టండమ్మా. విని పోతాను" అంది అచ్చియ్యమ్మ, పుల్ల అందిస్తూ.

డో న్వే పుల్ల వంక చూసింది. కడియం వంక చూసింది. కడియాన్ని పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేసింది.

ఆ తర్వాత అచ్చియ్యమ్మ దుకాణం ముందున్న చవక బుట్ట దగ్గర గొంతుక్కూర్చుని, అందులో ఉన్న ప్రతి కడియాన్నీ దారానికి కట్టి మోగించింది. సందంతా తొంగి చూసింది. దుకాణం పెట్టావా, గుడి కట్టావా అని డో న్వే విసుక్కుంది. పద్దెనిమిదోది ఖంగుమంది. పొగరంగు, ఒక పక్క పసుపు మచ్చ. వెల వారం జాకెట్ల కూలి. సబ్బు నురగతో అక్కడే చేతికి ఎక్కించుకుంది.

మిషను కొంది. ఆ మిషను మీద ఏడేళ్ళు కుట్టింది. ఆ తర్వాత సైనిక ప్రభుత్వం వచ్చి, మనవాళ్ళంతా మూటలు కట్టుకుని ఓడ ఎక్కాల్సిన రోజు వచ్చింది. మిషను అక్కడే ఉండిపోయింది. చేతికున్నది చేతితోనే వచ్చింది. రేవులో నగలు లాక్కునేవాళ్ళెవరూ ఆ మచ్చల రాయిని కన్నెత్తి చూడలేదు.

విశాఖపట్నం బర్మా కాలనీలో కుళాయి కింద ఇత్తడి బిందె పెట్టినప్పుడల్లా కడియం అంచుకి తగిలి ఖంగుమనేది. అచ్చియ్యమ్మ ఒక్క క్షణం ఆగేది. బిందె నిండి పొర్లేది. వరసలో వెనకున్నవాళ్ళు తిట్టేవారు. ఆమె రెండింతలు తిట్టేది.

ఒకరోజు పక్కింటి దాలమ్మ కొంగులో ఏదో దాచుకుని వచ్చింది. ఓడలో వచ్చినవాళ్ళెవరో అమ్ముకుంటున్న ఆకుపచ్చ జేడ్ కడియం. చీటీ పాడిన డబ్బంతా పెట్టి తీసుకుందట. రేపు సాయంత్రం దాకా తిరిగిచ్చెయ్యొచ్చన్నారట.

"బాగుందా పిన్నీ? మరీ ఎక్కువెట్టీశానా?"

అచ్చియ్యమ్మ దాన్ని ముట్టుకోలేదు. కుట్టుడబ్బా దగ్గరికి లాక్కుంది. దారం తీసి, మూడు పేటలు విప్పి, ఒకటి ఉంచింది.