పదకొండు అంగుళాల నీడ

ఒకే అష్టమికి రెండు రోజులు వచ్చాయి. సువర్చల కంప్యూటర్ గురువారమంటోంది. గురువుగారి పలక బుధవారమంటోంది. ఆ అష్టమి ఎవరికి కావాలో ఆ మనిషి వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆనాడు అప్పటికే మంగళవారం.

అతని పేరు కాశయ్య. మార్కాపురం శివార్లలో పలకల రాయి కోసే పని. కిందటేడు మాఘ బహుళ అష్టమి నాడు అతని భార్య ఓబులమ్మ పోయింది. ఇది మొదటి సంవత్సరీకం. పది రోజుల కిందట సువర్చల గురువు మృత్యుంజయ సిద్ధాంతిగారింటికి వచ్చి ఏ రోజు పెట్టుకోవాలని అడిగితే, సువర్చల తన ప్రోగ్రాంలో చూసి, గురువారమని కాగితం మీద రాసి ఇచ్చింది. ఇవాళ మరొక్కసారి రూఢి చేసుకుందామని వచ్చినవాడితో సిద్ధాంతిగారు "రేపే కదయ్యా" అన్నారు.

"రేపా? అమ్మాయిగారు బేస్తవారమని రాసిచ్చె గదా అయ్యగారూ."

సిద్ధాంతిగారు శిష్యురాలి వైపు చూశారు.

కాశయ్య కాగితం మడతలు విప్పాడు, మళ్ళీ వేశాడు. "మా ఇంటామె ఆకలికి ఓర్చుకునే మనిషి గాదు సామీ. వచ్చిన పొద్దు ఆకు వేసి లేదనుకోండి, తిరిగి పోతది. మళ్ళా ఏడాది దాకా రాదు గదా. ఏదో ఒకటి సరిగ్గా చూసి చెప్పండి."

సువర్చల లోపలికి వెళ్ళి మళ్ళీ లెక్క వేయించింది. గురువారం. ఇంకోసారి వేయించింది. గురువారమే.

ఆమె గణితంలో ఎమ్మెస్సీ చదివింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో పంచాంగ గణితం నేర్చుకుంటోంది. సిద్ధాంతిగారు ఏడాది పొడుగునా పలక మీద చేసే పనిని గంటలో చేసే ప్రోగ్రాం రాసి నెల రోజులైంది. ఆనాడు ఆయన తెర వంక చాలాసేపు చూసి, "బాగుంది" అని మాత్రం అన్నారు. ఆ ఒక్క మాట ఆమెకు కొంచెం తక్కువగానే తోచింది.

"సూత్రాలన్నీ మీవే గురువుగారూ. ఒక్కటి కూడా మార్చలేదు. యంత్రం కూడికలో పొరపాటు పడదు. పలక మీద ఎక్కడైనా..." అని ఆగిపోయింది.

"పడి ఉండవచ్చు. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి నాకు" అన్నారు సిద్ధాంతిగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "నువ్వేం చేశావో చెప్పు."

ఆమె చెప్పింది. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం పన్నెండేసి డిగ్రీలు పెరిగినప్పుడల్లా తిథి మారుతుంది. ఏ క్షణం ఇచ్చినా ఆ క్షణానికి దూరమెంతో చెప్పే ఫంక్షన్ ఒకటి రాసింది. దాని పేరు 'దూరం'. తిథి మారే క్షణాన్ని వెతికి పట్టుకునే ఫంక్షన్ మరొకటి. దాని పేరు 'వెతుకు'. మొదటిదాన్ని రెండోదాని చేతికి ఇవ్వాలి.

"ఇచ్చావా?"

"ఇచ్చాను. సూర్యోదయానికి దూరమెంతో కట్టి మరీ ఇచ్చాను."

"సూర్యోదయానికే ఎందుకు?"

"మన పంచాంగంలో అన్నీ సూర్యోదయానికే కదా కడతాం."

సిద్ధాంతిగారు తల ఊపి లేచారు. పెరట్లో చదునైన రాతి మీద పన్నెండంగుళాల కొయ్య మేకు నిలబెట్టి ఉంటుంది. శంకువు అంటారు దాన్ని. ఎండ పొద్దున దాని నీడ కొలిచి వేళ కట్టడం ఆయన ప్రతి శిష్యుడికీ మొదట నేర్పే పాఠం. మేకు మొదటి నుంచి ఎనిమిదంగుళాలు కొలిచి, రాతి మీద సుద్దతో అడ్డగీత గీశారు.

"నీడ తగ్గుతూ వచ్చి ఈ గీతను తాకే క్షణం పట్టుకో. గదిలో కూర్చునే పట్టుకోవాలి. ఏం కావాలన్నా నన్నడుగు."

సువర్చల గదిలో కూర్చుంది. ఆయన కిటికీ మూసి, బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. కొంతసేపటికి తలుపు సందులోంచి పలక ఒకటి లోపలికి వచ్చింది. దాని మీద రాసి ఉంది: పదకొండు అంగుళాలు.

ఇంకా మూడంగుళాలు తగ్గాలి. వేళ పదీ పది. ఆమె పావుగంట ఆగి అడిగింది.

"ఇప్పుడెంత ఉంది గురువుగారూ?"

తలుపు సందులో పలక కనిపించింది. పదకొండు అంగుళాలు.

మబ్బేదైనా పట్టిందేమో అనుకుంది. గీతకు ఇంకా దూరమే కనుక ఇంకో పావుగంట ఆగింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ పదకొండు. అవే అక్షరాలు, కొమ్ము దగ్గర అదే సుద్ద మరక.

"కొలిచారా గురువుగారూ?"

"అడిగావు. ఇచ్చాను."

పదకొండు అంటే గీత ఇంకా రానట్టే. ఆమె కాచుకుని కూర్చుంది. గోడ గడియారం పదకొండు దాటింది. మూడోసారి అడుగుదామని నోరు తెరిచేలోగా బయటి నుంచి కాశయ్య గొంతు వినబడింది. అరుగు మీద విసుగెత్తి పెరట్లోకి వచ్చినట్టున్నాడు.

"ఏందమ్మాయ్, ఇంకా లోపలే కూసోనుండావు? గీత ఎప్పుడో దాటిపాయె!"

ఆమె తలుపు తెరుచుకుని బయటికి వచ్చింది. ఎండకు కళ్ళు చిట్లించి రాతి వైపు చూసింది. నీడ గీతకు ఇవతల, మేకు వైపు ఉంది. కాశయ్య రాతి పక్కన గొంతుక్కూర్చుని, గీతకూ నీడకూ నడుమ ఖాళీగా మిగిలిన చోట వేలు పెట్టి చూపిస్తున్నాడు.

"నా కళ్ళ ముందరే పోయె. నువ్వు పిలుస్తావేమోనని జూస్తి. ఇంకా రాలేదనే అనుకుంటుండావా?"

సువర్చలకు కోపమొచ్చింది.

"ఈ పలకతో ఎలా చెప్పమంటారు గురువుగారూ? ఎన్నిసార్లు అడిగినా ఒకటే అంకె. అలాంటప్పుడు సాయంత్రం దాకా కూర్చున్నా నాకు గీత రాదు. నా చేతికి కావలసింది అంకె కాదు, శంకువు..."

మాట అక్కడే నిలిచిపోయింది.

సిద్ధాంతిగారు పలక తుడుస్తున్నారు. తల ఎత్తలేదు.

ఆమె లోపలికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. 'వెతుకు' పక్కన 'దూరం' ఉంది. దాని పక్కన బ్రాకెట్లలో, నెల కిందట ఎంతో శ్రద్ధగా తానే నింపిన సూర్యోదయ సమయం ఉంది. అంటే 'వెతుకు' చేతికి వెళ్ళింది కొలిచే పని కాదు, పొద్దున్నే కొలిచేసిన ఒక్క అంకె; బుధవారమంతా దానికి సప్తమే. బ్రాకెట్లతో సహా చెరిపేసింది. 'దూరం' అన్న పేరు ఒక్కటే మిగిలింది, ఇక ఏ క్షణానికైనా దాన్ని అడగవచ్చు.

తెర మీద బుధవారం వచ్చింది. పొద్దున పది గంటల నలభై ఒక్క నిమిషాలకు సప్తమి వెళ్ళి అష్టమి వస్తోంది. సంవత్సరీకానికి మధ్యాహ్నం ఉండే తిథే లెక్క; గురువారం మధ్యాహ్నానికి అష్టమి లేదు.

ఆమె కాశయ్య దగ్గరికి వచ్చి నిలబడింది. చేతులు కట్టుకుంది.

"రేపే. మధ్యాహ్నం పెట్టుకోవాలి. తప్పు నాది, గురువుగారిది కాదు. నన్ను క్షమించండి."

కాశయ్య వేళ్ళు మడిచి పనులు లెక్కపెట్టుకున్నాడు.

"గిద్దలూరులో మా వదినె ఉండాది, ఫోన్ జెయ్యాల. ఆకులు తేవాల. చింతచిగురు దొరకదేమో యీ రోజుల్లో. అదంటే ఆమెకు పానం." లేచి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఎప్పుడూ అంతేలే. నేను ఇల్లు ఊడ్చుకునే లోపలే వచ్చి గడపలో నిలబడేది."

అతను వెళ్ళిపోయాడు. సువర్చల తన నోటుపుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది. ఈ నెలలో తను ఆ ప్రోగ్రాంతో రోజులు చెప్పిన ఇళ్ళు అందులో ఉన్నాయి. యాభై మూడు పేర్లు. పోయినవాళ్ళవి ఒక వరుస, ఉన్నవాళ్ళవి ఒక వరుస.

"పొద్దున్నే బుధవారమని గట్టిగా చెప్పి పంపించి ఉండవచ్చు కదా గురువుగారూ. గంటన్నర కూర్చోబెట్టారు ఆయన్ని."

"చెప్పవచ్చు" అన్నారు సిద్ధాంతిగారు. "అప్పుడు నీ దగ్గర ఒక్క బుధవారమే ఉండేది."